కర్నల్ కాలిన్ మెకంజీ

రాజులకు చరిత్రలు గలవు. రాజధానులకు చరిత్రలు గలవు. చిన్న గ్రామమునకు చరిత్ర యేమి యుండునని మాత్రము పలువురు తలతురు. ఊరి చెరువును త్రవ్వించిన వా రెవ్వరు? గుడి ముందటి రాతిపై చెక్కిన యక్షరముల యర్థమేమి? ఈ యూరికి ఈ పేరేల వచ్చెను? ఇట్టి ప్రశ్నలకు ఊరిలో వృద్ధులున్నంత కాలము సమాధానము దొరకును. వారితోడనే యదియు నశించును. ఇట్లు నశింపనున్న గ్రామముల జ్ఞాపకములను కాగితమున కెక్కించుటకై తన జీవితములో పెక్కేండ్లను, తన జీతములో పెద్దభాగమును వెచ్చించిన యొక పురుషుని చరిత్రమును మే మిచ్చట సంగ్రహముగ వ్రాయబూనితిమి. ఆయన ఆంధ్రుడు కాడు. మన దేశభాషలను చక్కగ నేర్చినవాడును గాడు. అయినను మన గ్రామముల పూర్వవృత్తాంతములను పరిశోధించువా రెవ్వరును ఆయన పేరు తలపక యుండజాలరు.

కాలిన్ మెకంజీ 1754వ సంవత్సరమున స్కాట్లండు దేశమునకు వాయవ్యముగా సముద్రమధ్యమందున్న లూయిస్ ద్వీపములో స్టోర్నవే యను రేవుపట్టణమున జన్మించెను. ఆయన తండ్రి వర్తకుడు. మెకంజీ యౌవనమున ఆ రేవునందే సుంకపు కచ్చేరిలో ఉద్యోగము చేసెను. గణితశాస్త్రమనిన నాయనకు మిక్కిలి ప్రీతి. సంవర్గమానములను కనిపెట్టిన జాన్ నేపియరు వంశమువాడగు ఒక ప్రభువు తన పూర్వుని జీవితచరిత్రమును వ్రాయదలచి, హిందువుల గణితమును గూర్చిన సంగతులను మెకంజీచే సేకరింపజేసెను. ఇట్లు మన దేశమును చూడకమునుపే మన దేశవిద్యలపై నాయనకు కుతూహలము పుట్టినది.

1783లో మెకంజీ ఈస్టిండియా కంపెనీ సైన్యమున చేరి చెన్నపట్టణమునకు వచ్చెను. అప్పటి కాయనకు దాదాపు ముప్పదియేండ్లు. మరల స్వదేశమును చూచు భాగ్య మాయనకు లేకపోయెను. వచ్చిన క్రొత్తలో ఆ ప్రభువు కుమార్తె మధురలో నుండగా, ఆమె మూలమున అచ్చటి బ్రాహ్మణ పండితులతో నాయనకు పరిచయము కలిగెను. ఈ దేశపు చరిత్రను ఈ దేశపువారి నోటనే విని వ్రాసికొనవలెనను సంకల్పము ఆయన హృదయమున అప్పుడే అంకురించెను. కాని ఆ సంకల్పము ఫలించుటకు చాలకాలము పట్టెను. ఆయన యింజనీరు, యుద్ధములందు కోటల ముట్టడులును, శాంతికాలమున భూముల కొలతలును ఆయన పని. ఊరూర తిరుగుచున్నను అచ్చటి జనులతో మాటాడుటకు వలయు భాష లేదు; శాసనములు కన్నుల యెదుట నున్నను చదువుటకు శక్తి లేదు.

ఈ లోపమును తీర్చినవాడు మన తెలుగువాడు. ఏలూరివాడైన కావలి వెంకట బొర్రయ్య 1796 ప్రాంతమున మెకంజీ కొలువున చేరెను. అప్పటి కతనికి ఇరువదియేండ్లే. సంస్కృతాంధ్రములందును ఇతర భాషలందును ప్రవేశము గలిగి, పల్లెవారిని ప్రియభాషణములచే వశపఱచుకొను నేర్పుగల యా యువకుడు దొరకిన పిదపనే తనకు భారతవిజ్ఞానపు తలుపు తెరువబడెనని మెకంజీ కృతజ్ఞతతో వ్రాసియున్నాడు. బొర్రయ్య పాత కన్నడలిపిలోని శాసనములను చదువగల్గెను. జైనమతమును గూర్చి యతడు అనువదించిన వ్యాసము కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీవారి సంపుటములలో నతని పేరుతోనే ప్రకటింపబడెను. దురదృష్టవశమున బొర్రయ్య 1803లో నవయౌవనమున మృతినొందెను. అతని తమ్ముడు లక్ష్మయ్య అన్న భారమును వహించెను. మఱియొక తమ్ముడు రామస్వామియు ఈ పనియందు పాల్గొనెను.

1799లో శ్రీరంగపట్టణము కూలిన పిమ్మట మైసూరు రాజ్యమును కొలుచు భారము మెకంజీకి ఒప్పగింపబడెను. సుమారు 40,000 చదరపు మైళ్ల ప్రదేశమును పదియేండ్లు తిరిగి కొలిపించెను. పటములు గీయుటతో నాయన తృప్తినొందలేదు. ఆ నేలపై నివసించు జనులెవ్వరు, వారి వృత్తులేవి, పూర్వ మెవరెవ రేలిరి అనునవియు వ్రాయించెను. ఈ చరిత్రసేకరణమునకు దొరతనమువారి సాహాయ్యము చాలనందున గుమాస్తాల జీతములలో చాలభాగము తానే చెల్లించెను. దత్తమండలములందును, గుంటూరు మొదలగు తీరప్రాంతములందును గ్రామచరిత్రలు సేకరింపబడినది ఈ పద్ధతినే.

ఆ పద్ధతిని కొంచెము వివరింతుము. చదువుకొన్న గుమాస్తాలు ఊరూర తిరిగి కరణములను, దేవాలయార్చకులను, ఊరి పెద్దలను కలిసికొనెడివారు. కరణముల యిండ్లలో తరతరములుగ వచ్చుచున్న లెక్కల పుస్తకములు కవిలె లనబడును. ఆ కవిలెలను చూచి, పెద్దలు చెప్పిన మాటలను విని, గుడిలోని శాసనములకు నకలు తీసి, ఆ యూరి వృత్తాంతమును క్రమముగా వ్రాసెడివారు. దానికి కైఫియతు అని పేరు. ఊరిపేరు పుట్టుక, పొలిమేరలు, చెరువులు, దేవునికిచ్చిన మాన్యములు, రెడ్డిరాజులు మొదలు జమీందారుల వరకు నేలినవారి వరుస, ఎప్పుడే క్షామము వచ్చినది, ఎవ్వరి కాలమున ఊరు పాడైనది, మరల నెవ్వరు కట్టించిరి, ఇవి యన్నియు కైఫియతులో నుండును. పని సులభమైనది కాదు. కంపెనీవారి మనుష్యులు వచ్చి మాన్యముల సంగతి యడుగగా, పన్ను హెచ్చింతురేమో, ఇనాములు లాగికొందురేమో యని జనులు భయపడుట సహజమే గదా. ఆ భయము నిష్కారణమైనదియు గాదు. దేశమును కొలిపించినది దేశమును జయించిన కంపెనీయే. ఈ సంగతిని మఱుగుపఱచుట చరిత్రకారునకు తగదు. కొలత పాలకుల యవసరము; కైఫియతులు మాత్రము పాలకుల యవసరమును మించి మన సొత్తై నిలిచినవి.

కైఫియతులలోని దెల్ల సత్యమని మే మనము. ముక్కంటి పల్లవుని కథలవంటి పుక్కిటి పురాణములును, నిజమైన దానశాసనముల తేదులును వానిలో ప్రక్కప్రక్కనే యుండును. వివేకవంతుడు వానిని శాసనములతో పోల్చి చూచి గ్రహించును. ఒక కథ నిజము కాకపోయినను, ఊరివారు దానిని నమ్ముచుండిరనుట నిజమే. అదియు చరిత్రలోని భాగమే.

మెకంజీ చేసిన మఱియొక గొప్పపని అమరావతికి సంబంధించినది. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు చింతపల్లి నుండి తన నివాసమును అమరావతికి మార్చి క్రొత్తపట్టణమును నిర్మించుచుండగా, దీపాలదిన్నె యను మట్టిదిబ్బలో చెక్కడపురాళ్లు బయలుపడెను. ఈ వార్త విని 1797లో మెకంజీ అచ్చటికి పోయి కొద్దికాలముండి చూచెను. మరల 1816లో చిత్రకారులతో వచ్చునప్పటికి దిబ్బ నడుమ చెరువు త్రవ్వబడియుండెను. రాళ్లు పలుచోట్లకు తరలింపబడి, కొన్ని భవనముల గోడలలో చేరియుండెను. మిగిలినవాని నాయన యెనుబదికి పైగా చిత్రములుగ గీయించెను. అది బౌద్ధస్తూపమని ఆయన గ్రహింపలేదు. జైనుల కట్టడమని తలచెను. కాని చిత్రములను ఉన్నదున్నట్లు గీయించినందున ఆయన యూహలోని పొరపాటు ఎవ్వరికిని నష్టము చేయలేదు. తరువాత కనబడకపోయిన శిల్పములు కొన్ని నేడు ఆ చిత్రములందు మాత్రమే నిలిచియున్నవి. సంగతిని చెక్కుచెదరకుండ భద్రపఱచినచో, దాని యర్థమును రాబోవువారు తెలిసికొందురనుట కిది దృష్టాంతము.

1810లో మెకంజీ చెన్నపట్టణపు రాజధానికి సర్వేయర్ జనరలుగ నియమింపబడెను. 1811 మొదలు రెండేండ్లు జావాద్వీపమున నుండి, అచ్చటను వ్రాతప్రతులు సేకరించెను. 1815లో భారతదేశమున కెల్ల ప్రప్రథమ సర్వేయర్ జనరలయ్యెను. 1817లో తన గ్రంథభాండారముతోను, లక్ష్మయ్య మొదలగు సహాయులతోను కలకత్తా చేరెను. సేకరించిన దానికి పట్టిక వ్రాసి, సారమును లోకమునకు వెల్లడింపవలెనని యాయన కోరిక. ఉద్యోగభారమును, అనారోగ్యమును అడ్డుపడినవి. 1821 మే 8వ తేదీన, గాలిమార్పునకై పోవుచు, కలకత్తా సమీపమున హుగ్లీనదిపై పడవలోనే ప్రాణములు విడిచెను. ముప్పదియెనిమిదేండ్ల శ్రమఫలము పెట్టెలలోనే యుండిపోయెను.

ఆ పెట్టెలలో నేమేమి యుండెనో చూచిన నాశ్చర్యము కలుగును. హోరేస్ హేమన్ విల్సన్ పండితుడు 1828లో ప్రకటించిన పట్టికలో 1,568 గ్రంథములు, 2,070 స్థానికచరిత్రలు, 8,076 శాసనముల నకళ్లు, 2,159 అనువాదములు, 2,630 చిత్రములు, 6,218 నాణెములు లెక్కింపబడినవి. కంపెనీవారు లక్షరూపాయ లిచ్చి మెకంజీ భార్య యొద్ద ఈ భాండారమును కొనిరి. కొంత లండనుకు పోయెను. దక్షిణభాషలలోనిది చాలవరకు చెన్నపట్టణమునకు వచ్చెను. కాని కొన్న వస్తువును చదివించుటకు ఏర్పాటు లేదు. కాగితములను చెదలు తినజొచ్చెను.

ఈ యపాయమును ముందుగ గుర్తించినవాడు కావలి లక్ష్మయ్య. నాయకుడు పోయినంతమాత్రమున పని నిలిచిపోరాదని యతడు తలచెను. 1833లో చెన్నపట్టణమున స్థాపింపబడిన హిందూ వాఙ్మయ సమాజమునకు అతడు ముఖ్యుడు. మెకంజీ విడిచిన సేకరణమును కొనసాగించుటకు తన కవకాశ మిమ్మని దొరతనమువారికి విన్నవించుకొనెను. ఆ విన్నపము ఏషియాటిక్ సొసైటీవారి విమర్శకు వచ్చినప్పుడు, కార్యదర్శియగు జేమ్స్ ప్రిన్సెప్ అట్టి మహాకార్యమును దేశీయు డొకడు నిర్వహింపజాలడని యభిప్రాయపడెను. అశోకుని శాసనలిపిని చదివి మన చరిత్రకు వెలుగు తెచ్చిన మహాపండితుడే యిట్లు తలచుట శోచనీయము. ఇరువదియేండ్లకు పైగా ఆ పనిని చేసిచూపినవాని కది చేతగాదనుట న్యాయమా? ఆ నిరాకరణము వలన ఎన్ని యూళ్ల కవిలెలు వ్రాయబడకయే మట్టిలో కలిసెనో లెక్కింపనలవి కాదు.

ఉన్నదైనను దక్కుటకు కారకుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. శిథిలమగుచున్న తెలుగు కైఫియతులకు ఆయన పండితులచే ప్రతులు వ్రాయించి, సంపుటములుగ కట్టించెను. మూలములు చెడినచోట్ల నేడు మనకు ఆ ప్రతులే దిక్కు. పిదప లక్ష్మయ్య తలచిన కార్యమును దేశీయులే సమాజములుగ చేరి నెరవేర్చిరి. 1922లో రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెలసెను. హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పేరిట నెలకొన్న పరిశోధక మండలి 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించెను. కడపలో బ్రౌను పేర నున్న భాషాపరిశోధన కేంద్రమువారు ఆ జిల్లా కైఫియతులను అచ్చొత్తించిరి. రెండువందల యేండ్లనాడు గుమాస్తా విని వ్రాసికొన్న మాటను ఆ యూరి బాలుడే నేడు చదువగలుగుట వీరి చలువయే.

మెకంజీ చరిత్రమునుండి మనము గ్రహింపవలసిన దిదియే. సేకరించుట ఒక్కనిచే ప్రారంభము కావచ్చును; నిలువబెట్టుటకు పలువురు కావలెను. పెట్టెలో దాచిన చరిత్ర యజమానితో మూగవోవును; పదిమందికి పంచిన చరిత్ర పదిచోట్ల బ్రతుకును. 1984లో ఆంధ్రప్రదేశములో కరణముల యుద్యోగము రద్దయ్యెను. నాటి కవిలెలు ఎవరి యటుకలమీద నున్నవో, ఎన్ని మిగిలినవో వెదకి చూడవలసిన వారము మనమే.

విద్యార్థు లీ పనికి చాలరని మేము తలపము. బొర్రయ్య మొదలుపెట్టినది ఇరువదియేండ్ల ప్రాయమున గదా! సెలవులలో ఊరికి పోయినప్పుడు వృద్ధు నొక్కరిని ఆశ్రయించి, వారు చెప్పిన దానిని చెప్పినట్లే వ్రాసికొనుడు. చెప్పినవారి పేరు, ఊరు, తేది తప్పక చేర్చుడు. మీ యూహను వేఱుగ వ్రాయుడు. వారి మాటలో కలుపకుడు. రెండు ప్రతులు చేసి యొకటి పాఠశాల పుస్తకభాండాగారమున నుంచుడు. నలుగురైదుగురు చేరి యిట్లు చేసిన నదియే యొక చిన్న చరిత్రసమాజమగును. ఊరి పెద్దలు నేటి కున్నారు. రేపటి మాట యెవరు చెప్పగలరు? కావున ఈ సెలవులలోనే ప్రారంభింపుడని మా ప్రార్థన.