గిడుగువారి చెవుడు – మన బధిరుల జీవనోపాధి

పెదకాకాని పొలములలో ప్రత్తి తీయుటకును, మిరపకాయ కోయుటకును వచ్చిన కూలివాని చెవి నెవ్వరును పరీక్షింపరు. ఆ చెవిటివాడే కచేరీలో గుమాస్తాపని కోరినచో ఎల్లర చూపును మొదట వాని చెవిమీదనే వ్రాలును. ఈ అన్యాయమును తలచినపుడెల్ల మాకు కీర్తిశేషులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు జ్ఞప్తికి వత్తురు.

1863లో శ్రీకాకుళము చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిన పంతులుగారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. ఆ ప్రాంతపు కొండలలోని సవరలకు బడి లేదు; వారి భాషలో పుస్తకము లేదు. పంతులుగారు తాము సవర భాష నేర్చి, ఆ బిడ్డలకు ఆ భాషలోనే పుస్తకములు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు పెట్టిరి. మన్యపు జ్వరమునకై సేవించిన క్వినైను వారి వినికిడిని హరించినది.

పని మాత్రము ఆగలేదు. 1911లో ఉద్యోగ విరమణానంతరము వ్యావహారిక భాషకై తమ సర్వశక్తులను ధారపోసిరి. 1919లో ‘తెలుగు’ అను మాసపత్రికను నడిపిరి. 1925లో తణుకు సభలో గంటలకొలది వాదించిరి. 1931లో సవర భాషా వ్యాకరణమును ఆంగ్లమున వెలువరించిరి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా రాజమహేంద్రవరము వచ్చి, 1940లో దివంగతులగువరకును భాషాసేవ విడువలేదు. జనుల నోటిమాటకై పోరాడిన మహనీయుడు ఆ మాటను సరిగా వినలేనివాడు!

అయితే పంతులుగారు పెద్దవారైన పిమ్మట వినికిడి కోల్పోయిరి. అప్పటికే భాషయు, విద్యయు వారికి గలవు. పుట్టుచెవుడు గల శిశువునకు ఈ రెండును వాటంతట రావు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రభుత్వోద్యోగములలో నూటికి 1కి తక్కువ కాకుండ బధిరులకును, వినికిడి తగ్గినవారికిని ప్రత్యేకించినది. సంతోషమే. కాని చదువు లేనివానికి ఆ ఉద్యోగము అందని మ్రానిపండు. సవర బిడ్డకు సవర భాష యెట్టిదో, బధిర శిశువునకు సంజ్ఞాభాష యట్టిది. బిడ్డకు తన భాషలోనే చదువు చెప్పవలెనన్న పంతులుగారి పాఠము, గ్రాంథికమున వ్రాయు మాకును శిరోధార్యమే.

ఏటేట ఆగస్టు 29న వారి జన్మదినమును తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆనాడు పూలమాలలతో తృప్తిపడక, సంజ్ఞాభాష తెలిసిన ఉపాధ్యాయులను ప్రతి జిల్లాలోను నియమింపుమని ప్రభుత్వము నడుగుదము. ఉద్యోగమిచ్చువారును, పిలిచిన పలుకలేదని అభ్యర్థిని త్రోసివేయక, ప్రశ్నను కాగితముపై వ్రాసి యడుగవలెను. పెదకాకాని చెవిటి బాలునకు పొలముపని తాను కోరుకొన్నదైన నగుగాక. తక్కిన తలుపులన్నియు మూయబడుటచే గతిలేక మిగిలినది మాత్రము కారాదు.