నిద్ర మానిన శిష్యులు

మీ అబ్బాయో అమ్మాయో మెడికల్ పీజీ చేస్తుంటే ‘రెసిడెంట్’ అనే మాట ఇంట్లో వినే ఉంటారు. అంటే ఆసుపత్రిలోనే నివసించేవారని. అమెరికాలో సర్జరీ చదువుకు ఈ పద్ధతి పెట్టిన మనిషి విలియం హాల్‌స్టెడ్.

1852లో న్యూయార్క్‌లో పుట్టారు. పేరున్న సర్జన్. 1884లో కొకైన్ చుక్కలతో కన్ను మొద్దుబారుతుందని తెలియగానే, నరాల దగ్గర ఇస్తే ఏమవుతుందోనని తనమీదే ప్రయోగం చేసుకున్నారు. నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేసే దారి దొరికింది. వ్యసనమూ అంటుకుంది. దాన్ని మాన్పించబోయి మార్ఫిన్ ఇస్తే, అది ఏళ్ల తరబడి వెంటాడింది.

1889లో బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి మొదలైంది. అక్కడ సర్జరీ బాధ్యత ఆయనది. శిష్యులు ఆసుపత్రిలోనే ఉండాలి, ఏ వేళ పిలిచినా పలకాలి. ఆపరేషన్‌లో రబ్బరు గ్లోవ్స్ వాడకం, కణజాలాన్ని సుతారంగా తాకడం ఆయన దగ్గర మొదలైనవే. అందుకు మేమంతా రుణపడ్డాం.

కొకైన్ నిద్రను తరిమే మందు కాబట్టే ఇలాంటి పద్ధతి పెట్టారని కొందరంటారు. నేనంత దూరం వెళ్లను. ఆయన 1922లో పోయారు. నిద్రను, మెలకువను నడిపే గడియారం మెదడులో ఎక్కడుందో ఎలుకల్లో తేలింది 1972లో.

ఆ గడియారం డ్యూటీ చార్టు చూడదు. తెల్లవారుజామున ఒంటి వేడి తగ్గుతుంది, చురుకుదనమూ అడుగంటుతుంది. పొద్దున పడుకుంటే నిద్ర మధ్యలోనే లేపేస్తుంది. అమెరికా అంతటా రెసిడెంట్లకు వారానికి 80 గంటల హద్దు 2003లో గానీ రాలేదు.

నా పీజీ రోజుల్లో నైట్ డ్యూటీ దిగి, సిగ్నల్ దగ్గర స్కూటర్ మీదే కునుకు తీశాను. మీ పిల్లల్ని ఆ పొద్దున ఆటోలో రమ్మనండి. కర్టెన్లు వేసి పడుకోనివ్వండి.