మౌలానా ఆజాద్ వెంట వెళ్లిన చాయ్ డబ్బా

1942 ఆగస్టు 3. మౌలానా అబుల్ కలాం ఆజాద్ కలకత్తా నుంచి బొంబాయికి బయల్దేరారు. సామానులో ఒక చైనా చాయ్ డబ్బా ఉంది. అలాంటిదే ఇంకొకటి ఇంట్లో ఉంచేశారు. జబ్బుతో నీరసించిపోయిన భార్య జులేఖా బేగం ఎప్పటిలాగే ఖుదా హాఫిజ్ చెప్పడానికి గుమ్మం దాకా వచ్చారు. అంతా అనుకున్నట్టు జరిగితే ఆ నెల మధ్యకల్లా మౌలానా తిరిగి ఇంటికి చేరాలి.

అనుకున్నట్టు జరగలేదు. ఆగస్టు 8 రాత్రి బొంబాయిలో ఆయన అధ్యక్షతన కాంగ్రెస్ క్విట్ ఇండియా తీర్మానం చేసింది. 9న తెల్లవారకముందే పోలీసులు వచ్చేశారు. నెహ్రూ, పటేల్, అసఫ్ అలీ, సయ్యద్ మహమూద్, మన బందరు నాయకుడు పట్టాభి సీతారామయ్య, ఇంకా కొందరు వర్కింగ్ కమిటీ సభ్యులతో పాటు మౌలానాను కూడా రైలెక్కించి అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. సామానుతో పాటు చాయ్ డబ్బా కూడా జైలుకెళ్లింది.

ఆజాద్ అనగానే దేశ తొలి విద్యామంత్రి, నవంబర్ 11న విద్యా దినోత్సవం, గచ్చిబౌలిలో ఆయన పేరున్న ఉర్దూ యూనివర్సిటీ గుర్తొస్తాయి. 1888లో మక్కాలో పుట్టారు. తండ్రి మౌలానా ఖైరుద్దీన్ పేరున్న ఆలిమ్, తల్లి మదీనాకు చెందిన పండిత కుటుంబం ఆడపడుచు. చిన్నప్పుడే కుటుంబం కలకత్తాకు వచ్చేసింది. స్కూలుకు వెళ్లకుండా ఇంట్లోనే చదువుకున్నారు. 1912లో అల్ హిలాల్ పత్రిక పెట్టి ఇంగ్లీషు సర్కారుకు కునుకు లేకుండా చేశారు. ఫలితంగా 1916లో బెంగాల్ నుంచి వెళ్లగొట్టి, 1920 దాకా రాంచీలో నిర్బంధించారు. 35 ఏళ్లకే కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్న సంగతులే. పాఠ్యపుస్తకాలు వదిలేసిన మౌలానా ఒకరున్నారు. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు లేచి, తన చాయ్ తానే దమ్ పెట్టుకుని, చిన్న ఫింజాన్‌లో ఒక్కో గుక్కే చప్పరిస్తూ, మధ్య మధ్య సిగరెట్ దమ్ము లాగుతూ ఉత్తరాలు రాసుకున్న మనిషి ఆయన.

ఆ ఉత్తరాలన్నీ ఒక్కరి పేరనే. ఆయన హబీబుర్ రహమాన్ ఖాన్ షేర్వానీ, నవాబ్ సదర్ యార్ జంగ్. నిజాం రాజ్యంలో ధార్మిక వ్యవహారాలు చూసే సదరుస్సుదూర్‌గా పని చేశారు. ఉస్మానియా యూనివర్సిటీకి మొదటి వైస్ ఛాన్సలర్ కూడా ఆయనే. జైలు నుంచి ఉత్తరాలు పంపే వీలు లేదు. అయినా మౌలానా రాస్తూనే పోయారు. అవే తర్వాత 1946లో గుబారె ఖాతిర్ పేరుతో పుస్తకమయ్యాయి.

ఆయన తాగేది వైట్ జాస్మిన్ అనే చైనా చాయ్. దానికి గోరీ చంబేలీ అని ముద్దుగా ఉర్దూ పేరు పెట్టుకున్నారు. మన మాటల్లో తెల్ల జాజి అన్నమాట. జాస్మిన్ చాయ్‌కు ఎక్కువగా గ్రీన్ టీ ఆకునే వాడతారు. సాయంత్రం విచ్చుకునే మొగ్గల్ని ఆకుతో కలిపి రాత్రంతా ఉంచి, వాసన ఎక్కాక పూలు తీసేస్తారు. మంచి రకమైతే ఇదే పని మళ్లీ మళ్లీ చేస్తారు. ఇలాంటి ఆకును సలసల మరిగే నీళ్లలో వేస్తే పూల వాసన పోయి చేదే మిగులుతుంది. మరిగాక కాస్త చల్లారనిచ్చిన నీళ్లు పోసి, మూత పెట్టి, రెండు మూడు నిమిషాలు ఆగాలి. లేత వాసన, దాని వెనకే గట్టి కిక్కు. ఈ రెండూ ఒకే చాయ్‌లో ఉండటం మౌలానాకు తెగ నచ్చేది.

పాల చాయ్ అంటే మాత్రం ఆయనకు పడదు. చైనా వాళ్లు వందల ఏళ్లుగా తాగుతున్నారు, రష్యా, తుర్కిస్తాన్, ఇరాన్‌లలో తాగుతున్నారు, ఎవరికీ పాలు పోయాలన్న ఆలోచన రాలేదని ఆయన వాదన. ఇంగ్లీషువాళ్లు మొదలుపెట్టిన ఈ బిద్‌అత్ హిందుస్తాన్‌లో ముదిరిపోయిందని, జనం చాయ్‌లో పాలు పోయడం మానేసి పాలల్లో చాయ్ పోస్తున్నారని, ఇది చాయ్ కాదు, తాగే హల్వా అని ఎగతాళి చేశారు. హైదరాబాద్ హోటళ్లలో ఇరానీ చాయ్ పేరుతో మనం తాగే చిక్కటి పాల చాయ్‌ని ఆయన ఏమనేవారో ఊహించుకోవచ్చు. ఇరాన్‌లో అసలు పాలే పోయరు మరి! చక్కెర కూడా అద్దంలా మెరిసేదే కావాలి. స్వచ్ఛమైన చక్కెరకూ మామూలు చక్కెరకూ రుచిలో ఎంత తేడా ఉంటుందో నెహ్రూకు తెలియజేయాలని జైల్లో ఎంత తంటాలు పడ్డా లాభం లేకపోయింది. తీపి ఉంటే చాలనుకునే నెహ్రూకు బెల్లం కూడా ఇష్టమే. చాయ్ వరకు వస్తే నెహ్రూ పాలు లేకుండానే తాగేవారు. కానీ ఆకు విషయంలో అందరూ తాగే లాప్చూ లాంటి రకాలు దాటి వెళ్లలేదని మౌలానా ఫిర్యాదు. మిగతా ఖైదీ నాయకుల్లో ఎక్కువ మంది పాలు, పెరుగు ప్రియులు. వాళ్లకు ఈ చాయ్ ఇవ్వడం వృథా అని మౌలానా తేల్చేశారు.

ఒక్క సంగతిలో మాత్రం మౌలానా పొరబడ్డారు. హిందుస్తాన్, సిలోన్‌లలో పండే నల్ల ఆకు అసలు చాయే కాదని, చైనా మొక్కలు ఇక్కడి మట్టిలో వేరే జాతిగా మారాయని ఆయన నమ్మారు. సిలోన్ గొప్పదా, డార్జిలింగ్ గొప్పదా అని వాదించుకునేవాళ్లను చూసి నవ్వుకున్నారు. నిజానికి బ్లాక్ టీ, గ్రీన్ టీ రెండూ ఒకే మొక్క ఆకులు. 1840లలో చైనా తోటలు తిరిగిన రాబర్ట్ ఫార్చూన్ ఈ సంగతి తేల్చాడు. కోసిన ఆకును వెంటనే ఆవిరిలోనో వేడి బాణలిలోనో వేడి చేస్తే పచ్చగా ఉండిపోతుంది. వాడనిచ్చి, నలిపి, గాలికి వదిలేస్తే నల్లబడి ఘాటెక్కుతుంది. ఇక అస్సాం మొక్క చైనా నుంచి తెచ్చింది కూడా కాదు, అక్కడి అడవుల్లోదే. సింగ్‌ఫో తెగవాళ్లు దాన్ని వాడటం 1823లో రాబర్ట్ బ్రూస్ దృష్టికి వచ్చింది. మౌలానా కాలంలోనూ డార్జిలింగ్ మంచి ఆకును పాలు లేకుండా తాగి మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. వట్టి ఆకును పక్కపక్కన రెండు కప్పుల్లో పోసి చూస్తే నల్లదానికీ దాని అందం దానికుందని తెలిసేది. పాల మీద కోపం కాస్తా ఆకు మీదికి మళ్లినట్టుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, పాల గురించి ఆయన అన్నది మాత్రం తీసిపారేసేది కాదు. పాలలోని ప్రొటీన్ చాయ్‌లోని వగరును పట్టేసుకుంటుంది. పొడి టీకి అది మేలే, లేత ఆకుకు మాత్రం అసలు రుచే పోతుంది.

యుద్ధం వల్ల ఓడలు ఆగిపోయి కలకత్తాలో ఆయన కొనే చైనా దుకాణంలో సరుకు అడుగంటింది. చైనా మిత్రులు కొన్ని డబ్బాలు కానుకగా పంపారు. వెంట తెచ్చుకున్న డబ్బా అయిపోకముందే ఇంట్లో ఉంచిన రెండో డబ్బా కోటకు చేరింది. జైల్లో ఇంకేం తక్కువైనా చాయ్‌కి లోటు లేదని మురిసిపోయారు. కానీ అదీ ఎంతకాలం? అహ్మద్‌నగర్, పూనా బజార్లలో ఆ చాయ్ పేరు తెలిసినవాడే లేడు. చివరికి తాను వెక్కిరించిన నల్ల ఆకు కషాయమే తాగాల్సి వచ్చింది. లేచే వేళ మారలేదు, రాసే వేళా మారలేదు.

1943 వసంతంలో జులేఖా బేగం జబ్బు ముదిరిందన్న ఖబర్లు కోటకు చేరాయి. ప్రభుత్వానికి ఏమైనా విన్నపం ఉంటే వెంటనే పంపిస్తానని జైలు సూపరింటెండెంట్ చెప్పారు. నెహ్రూ కూడా మాట్లాడి చూశారు. మౌలానా ఒప్పుకోలేదు. తనను బంధించిన సర్కారును సొంత పని కోసం బతిమాలనన్నారు. బయటికి రోజువారీ పనులన్నీ ఎప్పటిలాగే చేసుకున్నారు, లోపలి బాధ ఎవరికీ కనపడనివ్వలేదు. ఏప్రిల్ 9న ఆమె ఇంతికాల్ అయ్యారు. ఖబర్ తార్ రూపంలో వచ్చింది. కోట ఆవరణలో ఎవరిదో ఒక పాత సమాధి ఉంది. ఆ రోజుల్లో మౌలానా చూపు మాటిమాటికీ దాని మీదికే పోయేది. కొద్ది నెలలకే భోపాల్‌లో ఉన్న అక్క కూడా పోయారు.

1945లో ఆయన్ను బాంకురాకు మార్చి, జూన్ 15న విడుదల చేశారు. కలకత్తా స్టేషన్‌లో విపరీతమైన జనం, కారు నిండా పూలదండలు. మూడేళ్ల కింద బయల్దేరినప్పుడు గుమ్మం దాకా వచ్చిన మనిషి ఇప్పుడు ఇంట్లో లేదు. మౌలానా కారును ఇంటికి పోనివ్వలేదు, ముందు ఖబ్రస్తాన్‌కు తిప్పమన్నారు. కారులోంచి ఒక దండ తీసి భార్య సమాధి మీద ఉంచి, నిశ్శబ్దంగా ఫాతిహా చదివారు.