జేన్ ఆస్టిన్ కాదన్న సంబంధం

వరుడి రాబడి ఎంతో లెక్కచూసే ఆ ఆంగ్ల నవలలు, కట్నాల మాట ఎరిగిన మన పెద్దలకు కొత్తగా తోచవు. వాటిని రాసిన జేన్ ఆస్టిన్ 1775లో ఇంగ్లండులోని స్టీవెంటన్ గ్రామంలో, చర్చి గురువు ఇంట జన్మించింది. ఇరవయ్యేళ్ళ వయసులో టామ్ లెఫ్రాయ్ మీద మనసుపడిందంటారు. ఇరువైపులా ఆస్తి లేక అది సాగలేదు.

1802 డిసెంబరులో ఎస్టేటు వారసుడు హారిస్ బిగ్-విదర్ పెళ్ళాడతానంటే సరేనంది. తెల్లవారాక కాదంది. ఆ రాత్రి ఏమి ఆలోచించిందో! తల్లికీ అక్కకూ దొరకబోయిన నీడ కూడా ఆ మాటతోనే పోయింది. 1805లో తండ్రి మరణించాక ముగ్గురూ అన్నదమ్ముల సాయంతో రోజులు గడిపారు. దత్తత వెళ్ళి జమీందారైన అన్న ఎడ్వర్డ్ 1809లో చాటన్‌లో ఇల్లిచ్చాడు.

1811లో పేరు లేకుండా వచ్చిన మొదటి నవల 140 పౌండ్లు తెచ్చింది. 'ప్రైడ్ అండ్ ప్రిజుడిస్' హక్కులు 110 పౌండ్లకే అమ్ముకుంది. 1817లో, 41వ ఏట, అవివాహితగానే కన్నుమూసింది. వించెస్టర్‌లోని సమాధి రాతిపై నవలల ఊసే లేదు.