రాజేశ్ పైలట్: గగనతలం నుంచి రహదారి దాకా

రాయ్‌పూర్ వైపు నుంచి బస్తర్‌లోకి అడుగుపెట్టే ముందు 30వ నంబరు జాతీయ రహదారి కేశ్‌కాల్ ఘాట్‌లో పన్నెండు మలుపులు తిరుగుతూ కొండెక్కుతుంది. అక్కడి నుంచి కొండగావ్, జగ్దల్‌పూర్, సుక్మా, కొంటా మీదుగా తెలుగు నేలకు చేరుతుంది. ఈ దారిపైనైనా, దేశంలోని మరే దారిపైనైనా వాహనం ఎంత వేగంతో పోవచ్చో నిర్ణయించే అధికారం 1988 నాటి మోటారు వాహనాల చట్టం నుంచే వస్తుంది. పార్లమెంటు ఆ చట్టాన్ని ఆమోదించిన నాడు కేంద్ర ఉపరితల రవాణా శాఖ సహాయ మంత్రిగా ఉన్నవారు రాజేశ్ పైలట్. పన్నెండేళ్ల తరువాత ఆయన ప్రాణం పోయింది రహదారి మీదనే.

ఆయన అసలు పేరు రాజేశ్వర్ ప్రసాద్ బిధూరి. 1945 ఫిబ్రవరి 10న ఉత్తరప్రదేశ్‌లోని వైద్‌పురా గ్రామంలో గుర్జర కుటుంబంలో జన్మించారు. బాల్యంలో ఢిల్లీలోని పెద్దల బంగళాలకు పాలు పోస్తూ చదువుకున్నారు. వైమానిక దళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, స్క్వాడ్రన్ లీడర్ హోదాకు ఎదిగారు. ఉద్యోగం వదలి 1980లో భరత్‌పూర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. వృత్తి పేరే ఇంటిపేరైంది. ఆ తరువాత రాజస్థాన్‌లోని దౌసా ఆయన నియోజకవర్గమైంది.

1985లో ఉపరితల రవాణా శాఖకు వచ్చేనాటికి దేశంలో వాహనాలను నియంత్రిస్తున్నది 1939 నాటి చట్టం. ఎడ్లబండ్ల కాలపు దారుల కోసం వలస పాలకులు రాసిన ఆ శాసనం లారీలు, మోటారు సైకిళ్లు పెరిగిన దేశానికి చాలలేదు. దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం 1989 జులై 1న అమలులోకి వచ్చింది. 112వ సెక్షన్ గరిష్ఠ వేగాన్ని మించరాదంటుంది. 129వ సెక్షన్ ద్విచక్ర వాహనదారుకు శిరస్త్రాణాన్ని, 134వ సెక్షన్ గాయపడినవారికి వైద్యం అందేలా చూడటాన్ని విధిగా చేశాయి. వైమానిక దళం నుంచి వచ్చిన మంత్రికి వేగమంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే ఆకాశంలో ప్రతి విమానానికీ దారి, ఎత్తు ముందే నిర్ణయమై ఉంటాయి. నేల మీద బస్సు, సైకిలు, పశువు, పాదచారి ఒకే దారిని పంచుకుంటారు.

తరువాతి దశాబ్దంలో ఆయన టెలికాం, అంతర్గత భద్రత, పర్యావరణ శాఖలు చూశారు. 1997లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి సీతారాం కేసరిపై పోటీచేసి ఓడిపోయారు.

2000 జూన్ 11న దౌసా సమీపంలో ఆయన స్వయంగా నడుపుతున్న జీపు, రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ బస్సు ఢీకొన్నాయి. తీవ్ర గాయాలతో ఆయన మరణించారు. వయసు 55 ఏళ్లు. ఆ తరువాత జరిగిన ఉపఎన్నికలో భార్య రమా పైలట్ దౌసా నుంచి గెలిచారు.

ఆ చట్టం కిందనే 2018లో కేంద్రం గరిష్ఠ వేగాలను సవరించింది. కార్లకు ఎక్స్‌ప్రెస్ వేలపై గంటకు 120, మధ్య విభాగిని ఉన్న నాలుగు వరుసల రహదారులపై 100, ఇతర దారులపై 70 కిలోమీటర్లుగా నిర్ణయించింది. లారీలకు ఇతర దారులపై 60. రాష్ట్రాలు ఇంతకన్నా తగ్గించవచ్చు. మధ్య విభాగిని లేని దారిలో 70 కూడా చిన్న వేగం కాదు. ఆ వేగంతో కారు సెకనుకు 19 మీటర్లకు పైగా దూసుకుపోతుంది. ఎదురుగా అంతే వేగంతో మరొకటి వస్తే మధ్య దూరం ప్రతి సెకనుకు దాదాపు 39 మీటర్లు తరుగుతుంది. డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు పెట్టేసరికే ఒక సెకను గడిచిపోతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. వాన కురిసిన ఘాట్ రోడ్డు మీద ఇంకా పెరుగుతుంది. సంత రోజున బుట్టలు మోసుకుని దారి అంచున నడిచివెళ్లే బస్తర్ ఆదివాసీకి ఈ లెక్కే ప్రాణం.

1988 చట్టం అతివేగానికి తొలి తప్పు కింద విధించిన జరిమానా గరిష్ఠంగా 400 రూపాయలు. పైలట్ మరణించిన నాడూ అంతే ఉంది. 2019 సవరణ దానిని తేలికపాటి వాహనాలకు 1,000 నుంచి 2,000 రూపాయలకు, మధ్యతరహా, భారీ వాహనాలకు 2,000 నుంచి 4,000 రూపాయలకు పెంచింది.