దుర్గాబాయి గారికి మా ఇంటి బాకీ

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక పెద్దవారి జీవితం రాసివ్వమని కార్యదర్శి గారు అడిగినప్పుడు నాకు మరో పేరు తోచలేదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని నేనెన్నడూ చూడలేదు. అయినా మా ఇంటిల్లిపాదీ ఆవిడకు బాకీ పడి ఉన్నాం.

ఆవిడ 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం తనకు వద్దని చెప్పి తప్పుకున్నారు. పుట్టింటివారు అండగా నిలిచారు. ఆ రోజుల్లో అదెంత మాటో మన వయసు వారికి వేరే చెప్పనక్కరలేదు. 1923 కాకినాడ కాంగ్రెసులో టికెట్టు లేదని నెహ్రూ గారిని గుమ్మం దగ్గర ఆపిన సంగతి అందరికీ తెలిసిందే కనుక వదిలేస్తున్నాను.

నాకు ముఖ్యంగా తోచేది ఆవిడ జైలు జీవితం. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళినప్పుడు అక్కడ శిక్షపడిన ఆడవాళ్ళను చూశారు. చట్టం తెలియక, తమ తరఫున మాట్లాడేవారు లేక శిక్షలు అనుభవిస్తున్నవారు వాళ్ళలో ఉన్నారు. బయటికి వచ్చాక పట్టుదలగా బెనారస్ మెట్రిక్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ., ఆ తరువాత మద్రాసులో లా పూర్తిచేశారు. చదువు ఆగిపోయిన స్త్రీలను మెట్రిక్‌కు తయారు చేయడానికే మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. తరువాత ఆ సభ ఆసుపత్రి కూడా నడిపింది.

రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం అయ్యాక 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. ఆ ఏడే చింతామణ్ దేశ్‌ముఖ్ గారిని పెళ్ళాడారు. ఆ ఏడే చైనా వెళ్ళి కుటుంబ న్యాయస్థానాలను చూసి, మనకూ కావాలని పట్టుబట్టారు. చట్టం వచ్చింది 1984లో. ఆవిడ 1981 మే 9న కన్నుమూశారు.

ఏ పథకమైనా ముందు జనం మధ్యకు వెళ్ళి చూసి, లెక్క తీసి, అప్పుడు పెట్టాలన్నది ఆవిడ పద్ధతి. 1962లో సాంఘికాభివృద్ధి మండలిని స్థాపించింది అందుకే. 1970లలో ఆ సంస్థ మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో తల్లులకు అక్షరాలు, తల్లీబిడ్డల ఆరోగ్యం కలిపి నేర్పితే ఎలా ఉంటుందో పరీక్షించి చూసింది. నేను సర్వీసంతా పట్టికలు నింపినవాణ్ణే. గళ్ళలోని అంకె వెనక ఒక మనిషి ఉంటుందని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇక మా మేనత్త సంగతి. భర్త వదిలేస్తే పుట్టింటికి చేరింది. అయిదో తరగతితో చదువు ఆగింది. వంటింట్లోనే పాతికేళ్ళు దాటాయి. 1958లో సంక్షేమ బోర్డు పెద్దవయసు స్త్రీలకు రెండేళ్ళలో పరీక్షకు తయారుచేసే సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టింది. నాలుగైదేళ్ళకు ఆ కబురు మా ఊరు చేరింది. తాతగారు నలుగురూ నవ్వుతారని ఒప్పుకోలేదు. అత్తయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదు. చివరికి మా నాన్నే తీసుకెళ్ళి చేర్పించాడు. పరీక్ష ప్యాసయి, శిక్షణ పొంది, టీచరమ్మ అయింది. నా కాలేజీ ఫీజులు ఆవిడ జీతంలోంచే కట్టారు. నవ్వుతారన్న తాతగారికి చివరి రోజుల్లో మందులు కొన్నదీ ఆవిడే.

మా ఇంట్లో మొట్టమొదటి పింఛను పుస్తకం అత్తయ్యది. నాది రెండోది.