సుబ్బారావు గారూ, మా అక్క ఎర్రమాత్రలూ

ఈ యేటి సంచికకు ఏదైనా రాసిమ్మని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది నా పాత ప్రాక్టికల్ రికార్డు. అందులో ఒక ప్రయోగం పేరు ఫిస్కే-సబ్బరో పద్ధతి. రక్తంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పని. మాలిబ్డేటు ద్రావణం కలిపితే నీలిరంగు వస్తుంది, ఆ రంగు చిక్కదనాన్ని బట్టి లెక్క వేస్తాం. నేనూ అందరిలాగే సీనియర్ రికార్డు ముందర పెట్టుకుని కాపీ కొట్టినవాణ్ణే. ఫిస్కే దొర, సబ్బరో ఇంకో దొర అనుకున్నాను, బహుశా ఇటలీ దేశస్థుడేమోనని కూడా! ఆయన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అని మా మాస్టారు చెప్పినప్పుడు క్లాసులో నవ్వుకున్నాము కానీ, నాకు లోపల సిగ్గేసింది.

అదే ఏడు మా అక్క తొలికాన్పుకు రాజంపేటకు వచ్చింది. మొహం సున్నం కొట్టిన గోడలాగా ఉండేది. నాలుక మంట, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. నర్సమ్మ ఇచ్చిన ఎర్రమాత్రలు మింగుతున్నానని చెప్పేది. ఒకనాడు బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే మాత్రలన్నీ అడుగున బయటపడినాయి. అవి మింగితే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని మా జేజి చెప్పిందట. దానికి తోడు విరేచనం నల్లగా అవుతుంటే అక్కకు భయమేసింది. ఆ మాత్రలో ఇనుముతో పాటు ఉండే రెండో మందు ఫోలిక్ ఆమ్లం. దాన్ని శుద్ధంగా తయారుచేసిన ప్రయోగశాలకు పెద్ద ఎవరని వెతికితే మళ్ళీ ఆ సబ్బరోనే ఎదురైనాడు! అప్పటి నుంచి ఆయన్ని వదిలిపెట్టలేదు.

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టినాడు. చదువు మీద మొదట్లో పెద్ద ధ్యాస లేదు. పదమూడేండ్ల వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు చేసుకుందామని ఇల్లు విడిచిపోతే, వెనక్కి పట్టుకొచ్చినారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కినాడు. (సప్లిమెంటరీ రాసే తమ్ముళ్ళు ఈ వాక్యాన్ని ఇంట్లో చూపించుకోవచ్చు.) రామకృష్ణ మిషన్‌లో సన్యాసిగా చేరాలనుకుంటే తల్లి వెంకమ్మ ఒప్పుకోలేదు. ఆ విధంగా మద్రాసు మెడికల్ కాలేజీకి చేరినాడు. గాంధీగారి పిలుపు విని ఆపరేషన్ గదిలోకి ఖద్దరు అంగీతో పోతే సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్‌కు కన్నెర్రయింది. చివరకు చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయినారు. మన పెద్దలు సంగ్రహణి అనే రోగం అట్లాంటిదే. పేగు లోపలి పొర పాడై, తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు. నాలుక పూస్తుంది, రక్తం పలచబడుతుంది, మనిషి ఎముకల గూడైపోతాడు. సుబ్బారావుకూ అదే జబ్బు వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడినాడు. తర్వాత ఆయన ఆయుర్వేద కళాశాలలోనే కొంతకాలం పాఠాలు చెప్పినాడు. ఇంగ్లీషు వైద్యం చదివినవాడు ఆయుర్వేదం వల్ల బతికినాడు, అయినా అందులో ఏ పదార్థం పనిచేసిందో తెలియలేదు. ఆ తెలియకపోవడమే ఆయన్ను అమెరికాకు తరిమిందని నా ఊహ.

కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం, మామగారి సాయం కూడగట్టుకుని 1920ల మొదట్లో బోస్టన్ చేరినాడు. పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగినాడు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరం కొలిచే పద్ధతి, 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. ప్రకటించినాడు. జీవకణానికి ఏ.టి.పి. చిల్లర డబ్బులాంటిది, ప్రతి పనికీ అదే ఖర్చవుతుంది. అయినా హార్వర్డు ఆయనకు శాశ్వతమైన ఉద్యోగం ఇవ్వలేదు. సుబ్బారావు పనిలో కొంత వెలుగులోకి రాకుండా ఫిస్కే అడ్డుపడినాడని, దాన్ని తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనుక్కోవాల్సి వచ్చిందని, 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పినాడు.

1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీకి మారినాడు. ఇక్కడ కథ మన వంటింటి దగ్గరికొస్తుంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో అది తగ్గుతుందని చూపించింది. ఈస్టులో ఏముందో మాత్రం తెలియలేదు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర నుంచి ఒక పదార్థం తీసి, ఆకు అనే అర్థమొచ్చే లాటిన్ మాట మీద ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టినారు. ఎంత ఆకుకూర పిండినా రవ్వంతే దొరికేది. సుబ్బారావు బృందం లివరు నుంచీ సూక్ష్మజీవుల నుంచీ దాన్ని వేరుచేసి, నిర్మాణం తేల్చి, 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసింది. టామ్ స్పైస్ అనే వైద్యుడు దాన్ని స్ప్రూ రోగులకు ఇచ్చి చూసినాడు. వాళ్ళు తేరుకున్నారు. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు మందు దొరికేసరికి పాతికేండ్లు దాటింది.

ఈ విటమిను చేసే పని డి.ఎన్.ఏ. తయారీకి సాయపడటం. కణాలు ఎక్కడ వేగంగా పుడతాయో అక్కడే దీని లోటు ముందు కనపడుతుంది. ఎముకమజ్జలో అయితే ఎర్రకణాలు పెద్దవై, పక్వానికి రాకుండానే నిలిచిపోతాయి. నాలుక మీద, పేగు పొరలో అయితే పుండ్లు, విరేచనాలు. గర్భంలో బిడ్డకు వెన్ను, మెదడు ఏర్పడేది మొదటి నాలుగు వారాల్లోనే, చాలామందికి నెల తప్పిన సంగతి కూడా తెలియకముందే. అప్పుడు లోటుంటే వెన్ను సరిగ్గా మూసుకోకపోవచ్చు. గర్భానికి ముందే ఫోలిక్ ఆమ్లం మొదలుపెడితే ఆ ప్రమాదం బాగా తగ్గుతుందని 1991లో రుజువైంది.

సుబ్బారావు అసలు వెతికింది పెర్నీషియస్ అనీమియాకు మందు. ఫోలిక్ ఆమ్లం ఆ రోగుల రక్తాన్ని బాగుచేసింది కానీ నరాల జబ్బును ఆపలేదు. ఆ పని చేసే బి12 వేరేవాళ్ళ చేతికి 1948లో చిక్కింది. ఈ రెంటినీ ఒకటనుకోకూడదు. ఆకుకూరల్లో బి12 ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు, మాంసంలో ఉంటుంది.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. ఫోలిక్ ఆమ్లానికి కొద్దిగా మార్పు చేసిన అమినోప్టెరిన్‌ను ఆయన బృందమే తయారుచేసింది. రక్తక్యాన్సరు పిల్లల్లో అది జబ్బును కొంతకాలం వెనక్కి నెట్టిందని 1948లో సిడ్నీ ఫార్బర్ చూపించినాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేటు ఇప్పటికీ వాడుకలో ఉంది. బోదకాలుకు ఊరూరా పంచే డి.ఇ.సి. మాత్ర ఆయన ప్రయోగశాలదే. మొదటి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్ కూడా ఆయన నడిపిన విభాగం నుంచే వచ్చింది.

1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి పోయినాడు. వయసు యాభైమూడు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు, ఇండియాకూ తిరిగి రాలేదు. భార్య శేషగిరి గారు ఎదురుచూస్తూనే ఉండిపోయినారు. ఆయన పోయినాక పుట్టిన కొడుకు, తండ్రి చూడకుండానే పసితనంలో చనిపోయినాడు. పుస్తకాలు ఈ సంగతి రెండు వాక్యాల్లో దాటేస్తాయి. నేను దాటలేకపోతున్నాను. ఎంతమంది గర్భిణులకు ఆయన మందు అందిందో తలచుకున్నప్పుడల్లా, ఆ ఇంట్లో ఖాళీగా మిగిలిన ఊయల కూడా గుర్తొస్తుంది.

మా అక్కకు ఇదంతా చెప్పలేదు. నల్లగా రావడం ఇనుము వల్లనేనని, బిడ్డ లావు కాదని నర్సమ్మతోనే జేజికి చెప్పించినాను. తోటకూర ఉడికించి నీళ్ళు పారబోసే అలవాటు కూడా మాన్పించినాము, ఈ విటమిను ఆ నీళ్ళతోనే పోతుంది. సంగటిలోకి పప్పాకు, అలసందలు వచ్చినాయి. అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు ఇప్పుడు బడిలో వారానికొక నీలంరంగు మాత్ర ఇస్తారు, అందులోనూ ఇనుము, ఫోలిక్ ఆమ్లమే. వాంతి వచ్చినట్లుందని మొన్న గొణుగుతుంటే, పరగడుపున వద్దు, అన్నం తిన్నాక వేసుకోమని చెప్పినాను.